కింద పెట్టిన కర్ర

ఉదయం ఆరుంబావుకు, కాలువలు ఊడ్చే ఆమె కోట వెనక తూము దగ్గర చీపురు ఆనించి, బుట్టలోంచి కోళ్లను వదిలింది. కోళ్లు తిన్నగా కాలువ గట్టుకు పరిగెత్తాయి. గట్టు పొడవునా చీమలు నల్లటి చారలా పాకుతున్నాయి. కోటలోంచి వచ్చే నీళ్లు తియ్యగా మారి చాలా కాలమైంది.

కోటలో బెల్లానికి కొదవ లేదు. బళ్ల మీద రోజూ వస్తుంది. కానీ ఇళ్ల తలుపులు మూసి ఉంటాయి. కోటలోని ఆ ఊళ్లో ఏ ఇంటి తలుపు తెరవాలన్నా ప్రతిసారీ కొత్త తాళంచెవి కావాలి. ఒకసారి తిప్పిన చెవి మళ్లీ పనికిరాదు. చెవులు చేసేవాళ్లు ఒక్క వీధిలోనే ఉండేవారు. ఇప్పుడు ఆ వీధి లేదు. బెల్లం వీధుల్లోనే కరిగి కాలువల్లో పడుతోంది. గుమ్మం ముందు బండెడు బెల్లం పెట్టుకుని, లోపల జనం ఆకలితో సోలిపోతున్నారు.

వీధిని దొంగలు దోచలేదు. కోట కాపలాదార్లే కొట్టి ఖాళీ చేశారు.

కాపలాదార్లు మొహాలు చూడరు, వాసన పడతారు. ఒకప్పుడు ఒక దొంగ ఆకురాయితో కిటికీ చువ్వలు కోసి లోపలికి దిగాడు. వాణ్ణి పట్టుకున్నప్పుడు చేతులు ఇనుప రజను కంపు కొట్టాయి. ఆ పూట నుంచి కాపలా మారేటప్పుడు ఒకరికొకరు అదే మాట అప్పగించుకున్నారు: “ఇనుము కొడితే వదలొద్దు.” చెవులు చేసేవాళ్ల చేతులూ అదే వాసన కొడతాయని ఎవరికీ తట్టలేదు.

మిగిలింది ఒక్క ముసలమ్మ. మెట్ల కింది గూట్లో దాక్కుని, దొరికినంత ఇనుమును ఆకురాయితో రాసి చెవులు చేస్తుంది. చేసిన ప్రతి చెవినీ చింతపండుతో తోముతుంది. అది వాళ్ల వీధి అలవాటు. మిగతా చెవులు పక్క ఊరివాళ్లు భోజనాల వేళకు గోడ మీదుగా విసురుతారు. తక్కువైతే తలుపులు తెరుచుకోవు. ఎక్కువైతే అన్నీ ఒకేసారి తెరుచుకుని, ఉన్న బెల్లమంతా ఒక్కపూటలో అయిపోయి, తర్వాతి పూటకు చిటికెడైనా మిగలక ఊరికి ఊరే కళ్లు తిరిగి పడిపోతుంది.

“కాపలా తీసేద్దాం దొరా,” అన్నాడు మంత్రి రాజుతో.

“తీసేస్తే సాయంత్రానికి నిజం దొంగలు దిగుతారు,” అంది కాపలాదార్లకు కర్రసాము నేర్పే గురువు. “వాళ్లలో ఒక్కణ్ణి నాకు అప్పగించండి. కోట బయటికి తీసుకెళ్లి నేర్పి పంపుతాను.”

“నెమ్మదైనవాణ్ణి చూసి ఇవ్వనా అమ్మా?” అన్నాడు రాజు.

“వద్దు. ఆ వీధిలో అందరికంటే ముందు దూరాడే, వాణ్ణివ్వండి. ఊరంతటికీ చురుకైన ముక్కు వాడిదే.”

ఆమె వాడికి కొత్త వాసన నేర్పింది: ఇనుమూ చింతపండూ కలిసిన వాసన. అది తగలగానే కర్ర పైకి లేవకూడదు, అడ్డంగా నేల మీదికి దిగాలి. కాపలాదార్లలో పాత కట్టుబాటు ఒకటుంది. తమలో ఒకడు కర్ర అడ్డంగా కింద పెడితే, దాని మీదుగా ఇంకొకడు కర్ర ఎత్తకూడదు. తాగి కొట్టుకునేటప్పుడు తప్ప ఎవరూ దాన్ని వాడింది లేదు.

“దొంగ కూడా ఆ వాసనతో వస్తేనో?” అన్నాడు మంత్రి.

“చింతపండుతో చేతులు తోముకుని దొంగతనానికి వచ్చేవాణ్ణి మీరెక్కడైనా చూశారా?” అంది గురువు. రాజు నవ్వాడు. చాలా రోజుల తర్వాత.

నేర్చుకున్న కాపలాదారు కోటలోకి తిరిగొచ్చిన సాయంత్రమే పక్క ఊరి చెవులు రాలేదు. దారిలో వాగు పొంగింది. ఎదురింట్లో పసిపిల్ల ఏడుపు సన్నబడుతుంటే ముసలమ్మ ఆగలేకపోయింది. దాపరికం మాని గబగబా ఆకురాయి ఆడించింది. రజను గాలిలో లేచింది.

“మామా! మెట్ల కింద! ఇక్కడే!” అని ఒకడు పెద్ద కాపలాదారును కేకేశాడు. కాపలాదార్లు గుంపుగా వచ్చి పడ్డారు.

పెద్ద కాపలాదారు తిరిగొచ్చినవాణ్ణి ముందుకు తోశాడు. “నువ్వు కానియ్‌రా. నీకు అలవాటేగా.”

వాడు కర్ర ఎత్తాడు. గాలి పీల్చాడు. ఎత్తిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. లోపల ఆకురాయి ఆగింది. మేడల మీద జనం అంచుల దాకా వచ్చి వంగి చూశారు.

మళ్లీ పీల్చాడు. వంగి, కర్రను గూటి ముందు అడ్డంగా పెట్టాడు.

“తియ్యరా దాన్ని!”

“తియ్యను మామా.”

“ముసలిది ఇనుము కొడుతోందిరా, నీ ముక్కు పోయిందా?”

“చింతపండు కూడా కొడుతోంది. మన ఇంటి తలుపు తెరిచే చెవి ఏ వాసనేస్తుందో గుర్తు తెచ్చుకో. కాదంటావా, దాటి రా.”

ఎవరూ దాటలేదు. వెనకున్న ఒకడు ముందుకొచ్చి, ముక్కు ఎగబీల్చి, తన కర్రను దాని పక్కనే పెట్టాడు. తర్వాత ఇంకొకడు. పెద్ద కాపలాదారు మీసం కొరికి, చివరికి తనదీ పెట్టాడు.

గూట్లోంచి గొంతు వచ్చింది. “అయిందా నాయనా మీ పంచాయితీ? కాస్త పక్కకు జరగండి, వెలుతురు పడటం లేదు.”

ఆకురాయి మళ్లీ మొదలైంది, ఈసారి వీధంతా వినిపించేలా. మొదటి చెవి చేతులు మారుతూ ఎదురింటికి పరిగెత్తింది. తలుపు కిర్రుమంది. “తెరుచుకుంది! బెల్లం తేండి!” మేడల మీంచి జనం దూకినంత పని చేశారు. కాపలాదార్లే దిమ్మెలు భుజాన వేసుకుని మోశారు.

“చాటింపు వేయిద్దామా?” అన్నాడు రాజు, ఉండబట్టలేక.

“ఒక్క సాయంత్రానికే చాటింపా దొరా? ఆగండి. ముసలమ్మ దగ్గర పని నేర్చేవాళ్లు రావాలి, కర్రలు కిందే ఉండాలి,” అంది గురువు. కానీ ఆమె కళ్లు కూడా వెలుగుతున్నాయి.

చాటింపు వేశారో లేదో కోట బయట ఎవరికీ తెలియదు. కొన్ని రోజుల తర్వాత తెలిసింది ఒక్కటే. తూము దగ్గర వదిలిన కోళ్లు గట్టంతా గీరి గీరి, ఒక్క చీమా దొరక్క, అరుచుకుంటూ బుట్ట దగ్గరికి తిరిగొస్తున్నాయి. కాలువలు ఊడ్చే ఆమె ఇప్పుడు వాటి కోసం కొంగున నూకలు కట్టుకుని వస్తోంది.