గాలి కన్ను

అనగనగా ఒక రాజు. ఆయనకు మేడ నిండా కిటికీలు, ముగ్గురు కొడుకులు. పొరుగు రాకుమారి రత్నరేఖను ధూమకేశి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, కిటికీ లేని రాతింట్లో పెట్టాడు. లోపల ఆరని నిప్పు. ఆ పొగకు పిల్లకు ఊపిరాడటం లేదు. విడిపించడానికి అన్నదమ్ములు ముగ్గురూ వెళ్లారు.

"పిల్లనిస్తాను," అన్నాడు మాంత్రికుడు, పెళ్లిపెద్దలా మీసం దువ్వుతూ. "ముందు వంశం అడగాలి కదా! మీది నాకెందుకు? ఓడలెక్కి వచ్చిన సీమ మాట ఒకటుంది, విండో అని. దాని తల్లిదండ్రులెవరు? తప్పు చెబితే రాయైపోతారు."

పెద్దవాడు "మేడ కూతురు" అన్నాడు. రాయైపోయాడు. రెండోవాడు "వెలుగు కూతురు" అన్నాడు. వాడూ రాయే. తెలియకపోతే తెలియదనొచ్చుగా, పిల్లలూ! మూడోవాడు సుకేతుడు అదే చేశాడు.

"నాకు తెలియదు. కనుక్కొస్తాను," అన్నాడు.

ఒక వలస బాతు అతన్ని ఏడు సముద్రాలు దాటించింది. "మాటకు కూడా అమ్మానాన్నలుంటారా?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

"ఉంటారు. మా చలిదేశపు అవ్వనడుగు," అంది బాతు.

అవ్వ ఇంటి మధ్యలో పొయ్యి. పైకప్పుకు ఒక కంత. పొగంతా అందులోంచి పోతోంది.

"అదేమిటవ్వా?"

"విందౌగ, నాయనా. మా భాషలో విందర్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. మా పడవలవాళ్లతో సీమకెళ్లి, అక్కడ నోళ్లలో నలిగి నలిగి విండో అయింది."

సుకేతుడికి ఒళ్లు పులకరించింది. "మా గవాక్షంలోనూ కన్నే ఉందవ్వా, ఆవు కన్ను!"

"అయితే గోడ గుడ్డిదని మీవాళ్లకూ తోచిందన్నమాట," అని అవ్వ నవ్వింది.

అతను తిరిగొచ్చేసరికి రత్నరేఖ దగ్గు కూడా వినబడటం లేదు.

"తల్లి కన్ను, తండ్రి గాలి!" అని అరిచాడు.

అన్నలిద్దరూ మళ్లీ మనుషులై లేచారు. మాంత్రికుడు మాత్రం తలుపు తీయలేదు.

"పేర్లు చెబితే చాలదు. పిల్లనివ్వాలంటే పెద్దలు ఎదురుగా రావాలి!"

"వస్తారు," అని సుకేతుడు గునపం అందుకున్నాడు. అన్నలూ చెయ్యేశారు. గోడకు కన్ను తెరుచుకుంది. గాలి రివ్వున లోపలికొచ్చింది, పొగ బయటికి పోయింది. పొగతోపాటు ధూమకేశీ పోయాడు. వాడి ప్రాణం ఆ పొగలోనే ఉంది మరి!

లోపలి నుంచి సన్నగా గొంతు వినబడింది. "ఇంకాస్త పెద్దది చెయ్యండి, నేను పట్టాలి కదా!"

పెళ్లినాడు పీటల మీద కూర్చోబోయిన రత్నరేఖ లేచి, కిటికీ తానే తెరిచింది. "పెద్దలు రావాలి కదా," అంది.

గాలి వచ్చింది. పళ్లెంలోని అక్షింతలన్నీ తానే ఇద్దరి మీదా చల్లింది. ఆ దీవెనతోనే వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు.