మొలకలకు పురుడు

చెరకు గానుగ మూతబడి మూడేళ్ళయింది. మనుషులు బెల్లం పెనాలు, ఇనప సామాను బండెక్కించుకుని వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఇద్దర్ని వదిలేశారు. ఒకరు, గానుగ చుట్టూ తిరిగి తిరిగి మెడ మీద కాయలు కాసిన ఎద్దు కొండయ్య. రెండోది, పట్టుకోబోతే చెరకాకు కుప్పలో దూరి తప్పించుకున్న కోడి నూకాలు. కొండయ్యకి ఏ పనికీ తొందర లేదు. నూకాలుకి తొందర తప్ప ఇంకోటి లేదు.

అక్కడో పాత పందిరి ఉంది. రాటలు గట్టివే కానీ పైన ఒక్క ఆకు లేదు. కిందటేడు నూకాలు తన ఆరు పిల్లల్నీ ఆ బోసి పందిరి కిందే తిప్పింది. వారం తిరక్కముందే గద్ద ఆరింటినీ తన్నుకుపోయింది. ఆరోది పోయిన రోజు ఆ తల్లి అరిచిన అరుపు కాలవ అవతలికి కూడా వినపడిందంటారు.

ఈ ఏడు పందిరి పక్కనున్న మట్టి గూట్లో తొమ్మిది గుడ్లు పెట్టి పొదగడం మొదలెట్టింది. కొండయ్య తీరిగ్గా నెమరు ఆపి ఒక మాట చెప్పాడు.

"అమ్మాయ్, పిల్లలు బయటికొచ్చేలోగా పందిరికి ఆనపపాదు ఎక్కించుకో. ఆకు కమ్మిందంటే గద్దకి కింద ఏముందో కనపడదు."

"గింజలో బాబాయ్?"

"గోడకి వేలాడుతున్న ఎండు ఆనపబుర్ర ఉంది కదా. పగలగొట్టు."

పగలగొడితే పురుగు తిన్నవి పోగా పదకొండు గింజలు మిగిలాయి. చుట్టుపక్కల ఇంకో ఆనపగింజ లేదు. ఆ పదకొండే దిక్కు.

అడిగి చేద్దామన్న ఓపిక నూకాలుకి ఎక్కడిది? నాలుగు గింజలు తీసి కుండెడు నీళ్ళలో పడేసింది. మూడు రోజుల తర్వాత మూత తీసింది. కంపు గుప్పుమని కొట్టింది!

"అయ్యబాబోయ్! కుళ్ళిపోయాయి బాబాయ్! ముట్టుకుంటే ముద్దలా వత్తున్నాయి!"

"ఎన్నాళ్ళు నానేశావు?"

"మూడ్రోజులు. నీళ్ళు ఎంత తాగితే అంత బలం కదా అనీ..."

"దాహం వేసినోడికి చెంబుడు నీళ్ళిత్తారు. కాలవలోకి తోసేత్తారా?" కొండయ్య తల తిప్పి వాసన తప్పించుకున్నాడు. "గింజకి కూడా ఊపిరుంటదమ్మా. మిగిలినవి ఏడు. ఈసారి నేను చెప్పినట్టు చెయ్యి. గోరువెచ్చటి నీళ్ళలో ఒక్క రాత్రి నానెయ్. తెల్లారాక పైకి తేలింది తాలు, పారెయ్. మునిగినవి తడిగుడ్డలో మూట కట్టు. గుడ్డ పిండితే చుక్క రాలకూడదు, అంత తడే ఉండాలి. ఆ మూట నీ పక్కన గడ్డిలో వెచ్చగా పెట్టుకో."

ఒకటి తేలింది. ఆరు మునిగాయి. నూకాలు గుడ్ల పక్కనే మూట పెట్టుకుని పడుకుంది. నాలుగో రోజు విప్పి చూసింది. చూసి కెవ్వుమంది. కొండయ్య అదిరిపడి లేచాడు.

"ఏమైందే?"

"పగిలాయి బాబాయ్! గుడ్డు పగిలినట్టే పగిలాయి! కొసన తెల్లగా ముక్కు బయట పెట్టాయి!"

"అది ముక్కు కాదు, వేరు. విరక్కుండా పట్టుకో. కొబ్బరి చిప్పలకి అడుగున కన్నం పొడిచి, మట్టీ ఎండు పేడ పొడీ సగం సగం పొయ్యి. వేరు కిందికి పెట్టి, పైన గింజ మునిగేంత మట్టి చాలు. చిప్పలు పొద్దుటెండ తగిలేచోట పెట్టు."

ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. ఆ ఆరు చిప్పల్నీ ఎండలో వరసగా పెట్టుకుని మురిసిపోతుంటే, కంచె దగ్గర్నుంచి ఒక గొంతు వినపడింది.

"అయ్యయ్యయ్యో! పురిటి బిడ్డల్ని ఇలా నడివాకిట్లో పెట్టారేంటమ్మా!"

చూస్తే నక్క సోమలింగం. నుదుటిమీద ఇంత బూడిద పూసుకుని, కాళ్ళు దగ్గర పెట్టుకుని వినయంగా నిలబడ్డాడు. నక్క వినయం అంటే ఏమిటో లోకమంతా ఎరుగును. నూకాలు కూడా ఎరుగును. అందుకే రెక్కలు దులిపి గూటి గుమ్మంలోకి దూకింది.

"భయపడకు చెల్లెమ్మా. కంచె ఇవతలే ఉంటాను. చూడలేక చెబుతున్నాను, అంతే. నువ్వు తల్లివి కదా, నువ్వే చెప్పు. పుట్టిన బిడ్డని ఎక్కడ పెడతారు?"

"పురిటిగదిలో."

"అక్కడ వెలుగుంటుందా?"

"ఉండదు. తలుపులు వేసేత్తారు."

"మరి వీటిని ఎండలో పెట్టావే! దిష్టి తగలదా? గాలి సోకదా? ఇలాగే పెట్టి మా మేనత్త పాదులన్నీ పోగొట్టుకుంది." సోమలింగం కళ్ళు తుడుచుకున్నాడు. "చిప్పలు నీ గూట్లో పెట్టుకో. గోడల్లో సందనేది లేకుండా పేడతో మెత్తెయ్. మేత కోసం తప్ప బయటికి రాకు. పదకొండు రోజులు వెలుగు తగలకూడదు, పరాయి కన్ను పడకూడదు. మగాళ్ళు గడప తొక్కకూడదు, మైల."

"ఆ తర్వాత?"

"పాదు పరిగెత్తుకుంటూ పందిరెక్కుతుంది. ఆ... ఇంకో మాట. గోడ వెనకాల గరగరమని చప్పుడు వినపడుతుంది. బెదిరిపోకు. అది వేళ్ళు పారే చప్పుడు. చప్పుడెంత పెద్దదైతే పాదుకంత బలం."

నిజం చెబుతున్నాను, ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నేను తల పట్టుకుంటాను. వేళ్ళు చప్పుడు చేస్తాయట! నమ్మిన కోడిని ఏమనాలి? సరే, కోడి తల్లి. ఆరు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి. బిడ్డకి మంచిదంటే గుడ్డిగా చేస్తుంది. మరి పక్కనే ఉన్న ఎద్దుకేమైంది? జీవితమంతా చేలల్లో గడిపిన పెద్దమనిషి నోరు తెరిచి "ఇదేం మాట" అనొద్దా? అతగాడు అన్నది ఒక్కటే.

"ఆడవాళ్ళ సంగతులు. మైల అంటున్నారు. మనకెందుకులే."

నూకాలు ఆ పూటే గోడలన్నీ మెత్తేసింది. చిప్పలు లోపల పెట్టి, గుడ్ల మీద పడుకుని, తలుపు మూయించుకుంది. చీకట్లో కోడికి కళ్ళుండీ లేనట్టే. రెండో రోజు మధ్యాహ్నం, కొండయ్య కాలవకి నీళ్ళకెళ్ళిన వేళ, గోడ వెనకాల గరగర మొదలైంది. నూకాలు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కొండయ్య తిరిగొచ్చాక తలుపు వెనక నుంచే కేకేసింది.

"బాబాయ్! పారుతున్నాయి! వేళ్ళు పారుతున్నాయి!"

"నాకేం వినపడలేదమ్మా."

"నువ్వు మగాడివి, నీకు వినపడదు."

రోజూ మధ్యాహ్నం అదే చప్పుడు. రోజూ అదే మురిపెం.

ఆరో రోజు పొద్దున నూకాలు ఉండబట్టలేకపోయింది. మొలకలు మట్టి చీల్చుకుని పైకొచ్చాయని ముక్కుతో తడిమితే తెలుస్తోంది. కానీ ఎక్కడో తేడాగా ఉంది. తగలాల్సిన చోట తగలడం లేదు. నియమం తప్పితే తప్పిందని, ఒక చిప్ప ముక్కున కరుచుకుని బయటికొచ్చింది. వెలుగులో చూసుకుని అలాగే కూలబడింది.

"బాబాయ్... ఇదేంటి బాబాయ్?"

కొండయ్య వంగి చూశాడు. మొలక పాలిపోయి, దారప్పోగులా సాగిపోయి ఉంది. రెండాకులూ పసుపు ముద్దలు. అదీ నిటారుగా లేదు. నడుము విరిగినదానిలా ఒక పక్కకి వాలిపోయింది.

"చచ్చిపోద్దా?" నూకాలు చిప్పని కొండయ్య ముందుకి తోసింది.

"మిగతావి?"

"అన్నీ ఇంతే. అన్నీ ఒకే పక్కకి వాలాయి."

"ఏ పక్కకి?"

"వెనక గోడ పక్కకి."

కొండయ్య నెమరు వేయడం ఆపేశాడు. ఆ దవడలు ఆగడం నూకాలు అంతకుముందు రెండుసార్లే చూసింది.

"అమ్మాయ్, మొలక ఊరికే వాలదు. వెలుగు ఎటుంటే అటు మెడ సాచుద్ది. నీ తలుపు తూర్పున కదా. తలుపు సందుల్లోంచి ఏ కాత్త వెలుగొచ్చినా ఇటే వాలాలి. వెనక గోడకి ఏం సందుంది?"

"ఏమీ లేదు! నేనే మెత్తాను, వేలెడు మందాన!"

"మరి వాటికి వెలుగెవరు చూపించారు?"

నూకాలు లోపలికి పరిగెత్తింది. వెనక గోడ మొదట్లో, గడ్డి పక్కకి లాగి, నేలకి చెంప ఆనించి చూసింది. ఉంది. వేలు దూరేంత కన్నం. అవతల సొరంగం. ఆ చివర చెరకాకు కుప్ప సందుల్లోంచి సన్నటి వెలుగు. కన్నం అంచున ఏదో చిక్కుకుని ఉంటే ముక్కుతో పీకి బయటికి తెచ్చి కొండయ్య ముందు పడేసింది.

ఎర్రటి వెంట్రుక. నక్క వెంట్రుక.

నూకాలు ఒళ్ళంతా ఈకలు లేచి నిలబడ్డాయి. "బాబాయ్... రోజూ విని నేను మురిసిపోయింది... ఆ చప్పుడు..."

తన చావు దగ్గరికొస్తున్న చప్పుడు వింటూ ఆ తల్లి అన్ని రోజులూ సంబరపడింది.

"మరి నక్క ఇంకా ఎందుకు లోపలికి రాలేదు?" అంది నూకాలు.

"నీ ఒక్కదాని కోసమైతే మొదటి రోజే దూరేవోడు. పిల్లలయ్యేదాకా చూద్దామని ఆ కన్నం పెట్టుకుని కాచుకున్నాడు." కొండయ్య తల దించుకున్నాడు. "తప్పు నాది కూడానమ్మా. తెలిసి నోరు మూసుకున్నాను. మైలట, మైల!"

చెబుతూనే గూటి గుమ్మంలోకి తల దూర్చాడు. గానుగ దగ్గర పడున్న తిరగలి రాయిని కొమ్ములతో దొర్లించుకొచ్చి, లోపల్నుంచి ఆ కన్నానికి అడ్డంగా నెట్టేశాడు. నూకాలు తొమ్మిది గుడ్లనీ గంపలో గడ్డి వేసి కొండయ్య మేత మేసే గాటి కింద దాచింది.

"మొలకలు బతుకుతాయా బాబాయ్?"

"మెడదాకా మట్టి పోసి నిలబెట్టు. ఒక్కసారే ఎండ చూపించకు, మాడిపోతాయి. ఇవ్వాళ నీడ, రేపు పొద్దుటెండ, ఎల్లుండి ఇంకాత్త. వాటి సంగతి అవి చూసుకుంటాయి. ముందు మన సంగతి చూద్దాం."

మధ్యాహ్నమైంది. కొండయ్య రోజూలాగే మెల్లగా కాలవ దారి పట్టాడు. నూకాలు గుమ్మం దగ్గర నిలబడి ఊరంతా వినపడేలా గోల చేసింది.

"అమ్మో, నా తండ్రులే! తొమ్మిదీ పిల్లలయ్యాయే! ఒక్కటీ వదలకుండా తొమ్మిదీ!"

అలా అరిచి చప్పుడు చేయకుండా గాటి కిందికి జారుకుంది.

సోమలింగం ఆగగలడా? తొమ్మిది లేత పిల్లలు, పైన ఒక పెట్ట. చెరకాకు పక్కకి తోసి బిలంలోకి దూరాడు. ఎదురుగా కన్నం నల్లగా ఉంటే, పెట్ట దానికి ఆనుకుని పడుకుందనుకున్నాడు. గోళ్ళతో గట్టిగా ఒక్క గీకు గీకాడు. గోళ్ళు విరిగాయి. ఇదేంటి, పెట్ట ఇంత గట్టిగా ఉందేంటి అనుకునేలోపే వెనక వెలుగు పోయింది.

కాలవ దాకా వెళ్ళని కొండయ్య, చుట్టు తిరిగొచ్చి, ఆ బిలం నోటికి అడ్డంగా పడుకున్నాడు. ముసలెద్దు పడుకుందంటే లేపడం ఎవరి తరం? ముందు రాయి, వెనక ఎద్దు. మధ్యలో వెనక్కి తిరిగే చోటు కూడా లేదు.

"ఎవరది? కాస్త జరగండి బాబూ! ఊపిరాడ్డం లేదు!"

కొండయ్య నెమరు వేసుకుంటున్నాడు.

నూకాలు వచ్చి అతని వీపు మీదెక్కి కూచుంది. "ఏవండీ సోమలింగం గారూ, లోపల ఎలా ఉందండీ?"

"చీకటి చెల్లెమ్మా! చావు చీకటి!"

"మీరు అంత తెలిసినవారు కదా, ఒక్క ముక్క చెప్పండి. అప్పుడు లేవమంటాను. మొలకకి ఏం కావాలండీ?"

"అదీ... కాలాన్ని బట్టీ... జాతిని బట్టీ..."

కొండయ్య ఒక్క జానెడు వెనక్కి ఒత్తిగిలాడు. లోపల మన్ను జలజలా రాలింది.

"వెలుగు! వెలుగు కావాలి తల్లీ! గాలి కావాలి! చీకట్లో మూసిపెడితే చచ్చిపోద్ది!"

"సరిగ్గా వినపడ్డం లేదండీ."

"చీకట్లో పెడితే చచ్చిపోద్దీ! వెలుగమ్మా! వెలుగూ!"

ఆ కేకకి కాలవ గట్టు మీద కొంగలు లేచిపోయాయి. అప్పుడు కొండయ్య లేచాడు, ఎప్పటిలాగే తీరిగ్గా. సోమలింగం వెనక్కి పాక్కుంటూ బయటపడ్డాడు. కళ్ళ నిండా మన్ను, ఒంటి నిండా మన్ను. ఎండ తగలగానే కళ్ళు చిట్లించి, "బతికాను" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే ఎద్దు వెనక కాలు నడుమ్మీద పడింది.

ఆరు మొలకల్లో ఒకటి పోయింది. అయిదు పచ్చబడి పందిరెక్కాయి. గుడ్లు నిజంగానే పిల్లలయ్యాక, పాదు ఎగబాకేదాకా నూకాలు వాటిని కొండయ్య పొట్ట కింద నుంచి కదలనివ్వలేదు. ఆకు కమ్మాక గద్ద రోజూ వచ్చి, తిరిగి తిరిగి, ఏమీ కనపడక విసుక్కుని పోయేది. కాలవ అవతల సోమలింగం కుంటుకుంటూ తిరుగుతున్నాడు. దారినపోయే కుందేళ్ళని ఆపి ఏదో చెప్పబోతాడు కానీ, ఎవరూ ఆగడం లేదు.

వెలుగు తగలనివ్వొద్దని ఎవరైనా పనిగట్టుకుని చెబితే, ముందు వెనక గోడ చూసుకోవాలి.