యంత్రానికి అందని ఊపిరి

చంద్రుడి మీద మనుషులు ఒక గాజు ఇల్లు కట్టారు. అందులో ప్రాణం నిలుస్తుందో లేదో చూద్దామని ముందుగా ఒక ముసలి ఎద్దును, గుడ్లు పొదుగుతున్న కోడిపెట్టను, నక్కను పంపారు. నక్కనెందుకు పంపారని నన్నడక్కండి. కోడిని తిని పారిపోదామన్నా అక్కడ పారిపోయే చోటు లేదు గనక, అది పెట్టిన మేత తిని బుద్ధిగానే ఉండేది.

ఇంటి మంచిచెడ్డలన్నీ ఒక యంత్రం చూసుకునేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ యంత్రం ఊపిరి తగలందే గాలీ వెచ్చదనమూ పెట్టదు. ఏ గదిలో ఎంత ఊపిరి ఉంటే ఆ గదికి అంత. ఖాళీ గది వాటా పక్క గదికి పోతుంది.

పెట్ట పొదగడం మొదలుపెట్టి పద్దెనిమిది రోజులైంది. ఏడు గుడ్లు. తిండికి లేవక పాపం సగమైపోయింది. పక్క గది నక్కకు మరికాస్త వెచ్చదనం మీద ఆశ పుట్టింది.

"ఏం మరదలా, ఇలా చిక్కిపోయావు? అంత పెద్ద యంత్రం నీ గుడ్లను చూసుకోలేదా? తోటగదికి పోయి కడుపునిండా తిని రా."

ఆకలి మీదున్న తల్లి నమ్మి వెళ్లింది. గుడ్డు ఊపిరి యంత్రానికి అందేంతది కాదు. గది ఖాళీ అనుకుని అది వెచ్చటి గాలి వచ్చే గొట్టం మూసేసింది. నక్క తన గదిలో హాయిగా కాళ్లు చాపుకుంది.

అటుగా పోతున్న ఎద్దుకు పెట్ట గది గుమ్మంలో చలి తగిలింది. తొంగిచూస్తే గుడ్లున్నాయి, తల్లి లేదు. వెళ్లి పిలుచుకొచ్చేంత సత్తువ ఎద్దు ముసలి కాళ్లలో లేదు. గుడ్ల పక్కన మెల్లగా పడుకుని బుసబుసా ఊపిరి వదలసాగింది. ఆ గదిలో ఊరంతా ఉందనుకుంది యంత్రం. నక్క వెచ్చదనం కూడా తీసి ఇటే పంపింది.

పెట్ట తిరిగొచ్చి గుడ్లు తడిమి చూసుకుని ఏడ్చింది. యంత్రం చూసుకుంటుందనుకున్నాను మామా, అంది.

"దానికి ఊపిరే తెలుసమ్మా," అంది ఎద్దు. "ఊపిరి పోసుకుంటున్నవాళ్లు తెలియదు."

ఆరు గుడ్లలో కదలిక ఉంది. ఏడోది చల్లగా ఉంది. అంతలో నక్క వణుకుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎద్దు కొమ్ము విసిరింది గానీ, పెట్ట ఆపింది.

"రా బావా. చిక్కిన నా రెక్కల కింద ఆరే పడుతున్నాయి. ఈ ఏడోదాని మీద నీ తోక కప్పి కూర్చో. కదిలావా, మామ ఊరుకోడు."

నక్క మూడు రోజులు కిక్కురుమనకుండా కూర్చుంది. మూడోనాడు తోక కింద పెంకు చిట్లింది. బయటికొచ్చిన పిల్ల కళ్లు విప్పి, ఎదురుగా ఉన్న మొహాన్ని చూసి "అమ్మా" అంది. నక్క తోకను మళ్లీ దాని మీద కప్పింది. ఆనాటి నుంచి అది ఎక్కడికి పోతే పిల్ల అక్కడికే. వెచ్చటి మూల ఎక్కడున్నా నక్క ముందు దాన్ని కూర్చోబెట్టి, మిగిలిన చోటులో తాను ముడుచుకుంటోంది.

గాలి యంత్రమైనా పెడుతుంది, పొదగడానికి మాత్రం ఒక ప్రాణం కావాలి.