వాడని మల్లెదండ

“బయ్యన్నా! ఓయ్ బయ్యన్నా! ఇంతసేపు పిలుస్తుంటే పలకవేం? నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా?”

కొలువులో స్తంభం పక్కన చేతులు కట్టుకు నిలబడ్డ విదూషకుడు ఉలకలేదు, పలకలేదు. కుసుమకేతు మహారాజుకు ఒళ్లు మండింది. దిగి వెళ్లి భుజం పట్టి కుదిపితే టక్కుమని మోగింది. తలపాగా బయ్యన్నది, కండువా బయ్యన్నది. లోపల ఒట్టి చెక్కబొమ్మ!

సభంతా గొల్లున నవ్వింది.

అసలు సంగతేమిటంటే, ఆ రాజ్యంలో ఒకానొక ఆచారం ఉండేది. దీపాలు పెట్టేవేళకు రాజు తన చేత్తో మల్లెలు కోసుకొచ్చి రాణి జడలో తురమాలి. పెళ్లైన కొత్తలో కుసుమకేతు ఆ వేళ కోసం పొద్దున్నుంచే ఎదురుచూసేవాడు. పోను పోను, “ఎంత మంచి పువ్వైనా తెల్లారేసరికి కమిలిపోతుంది. సృష్టిలోనే లోపం!” అనడం మొదలెట్టాడు. రసవాది ధాతుభట్టు చేత ఏవేవో ద్రావకాలు కాయించి, ఏడాదైనా వాడని మల్లెలు చేయించాడు. ఒక్క దండ దాసీ చేత పంపి ఊరుకున్నాడు.

ఆనాడు వేసుకున్న తలుపు రాణి మాధవీదేవి మూడు నెలలైనా తీయలేదు.

“ఆ దండలో లోపమేమిటో రేపటికల్లా చెప్పు. చెప్పలేకపోతే మల్లెతోట మొత్తం పీకించేస్తా!” అని రాజు నిన్ననే బయ్యన్న మీద విరుచుకుపడ్డాడు.

ఇప్పుడా బయ్యన్న స్తంభం చాటు నుంచి నవ్వుతూ వచ్చాడు.

“ఏమిటీ వేళాకోళం?” గద్దించాడు రాజు.

“ఈ బొమ్మలో లోపమేమిటో సెలవియ్యండి ప్రభూ. ఆకలనదు, ఆవలించదు. ఒక్కసారి చేతులు కట్టుకుందంటే మళ్లీ విప్పదు. నాకన్నా వెయ్యిరెట్లు నయం.”

“నోర్ముయ్! బొమ్మను నిలబెడితే నువ్వొచ్చినట్టా?”

బయ్యన్న గొంతు తగ్గించాడు. “రాణీగారు అడుగుతున్నదీ అదే ప్రభూ.”

ధాతుభట్టు కంగారుగా లేచాడు. “మహాప్రభో! ఇంకొక్క పుటం వేశానంటే పరిమళం కూడా...”

“మీ విద్యకు వంక పెట్టడం లేదు భట్టుగారూ. పువ్వును నిలబెట్టారు. సాయంత్రాన్ని నిలబెట్టగలరా?”

రాజు ఫక్కున నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి బయ్యన్న మెడలో వేశాడు. అంతలోనే మూడు నెలలు లెక్కపెట్టుకున్నాడు. ఎన్ని సాయంత్రాలు! అవి ఇక ఏ ద్రావకంలో ముంచినా తిరిగిరావు.

ఆ సందెవేళ ఆయన ఒంటరిగా తోటకు వెళ్లాడు. కోయడం మరిచిపోయిన చేతుల్లో సగం మొగ్గల తొడిమలు ఊడిపోయాయి. ఒకదాన్ని పురుగు కొరికింది. దాన్నీ దోసిట్లో వేసుకుని అంతఃపురం తలుపు ముందు నిలబడ్డాడు.

“మాధవీ!”

“ఏలినవారు పంపిన దండ ఇంకా కొత్తగానే ఉంది,” లోపలి నుంచి మెల్లగా వినిపించింది. “మళ్లీ ఈ శ్రమ ఎందుకు?”

దోసిట్లో మల్లెలు అప్పుడే వేడెక్కి అంచులు కమలుతున్నాయి. రాజు తలుపుకు నుదురు ఆనించాడు.

“పూలు వాడుతున్నాయని కాదు మాధవీ. రోజూ రావడానికి నాకే విసుగేసింది. ఆ మాట నీతో అనలేక పువ్వు మీదికి నెట్టాను.”