ఓపీ గదిలో ఉండిపోయిన మాట

గోదావరి ఒడ్డున ఒక పెద్దాసుపత్రిలో ఓపీ కంప్యూటర్ చూసుకునే భూషణం అనే ఉద్యోగి ఉండేవాడు. పనిమంతుడే కానీ, తనకు తెలిసింది మరొకరికి చెప్పడం అతనికి అస్సలు గిట్టేది కాదు.

ఆ ఆసుపత్రిలో ఓపీకి ఒక కంప్యూటర్ వ్యవస్థ, వార్డులకు ఒకటి, మందుల గదికి మరొకటి ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కో ఏడాది, ఒక్కో కంపెనీ దగ్గర కొన్నవి. తీగలతో కలిపారు గానీ, ఒకదాని రాత మరొకదానికి అర్థమయ్యేది కాదు. వాటిని కలపడానికి మెహరున్నీసా అనే ఇంజనీరు వచ్చింది. నెల తిరక్కుండా వార్డులనూ మందుల గదినీ కలిపేసింది. ఓపీ వివరాలు ఏ గుర్తులతో దాచారో మాత్రం భూషణం ఒక్కడికే తెలుసు. ఆ గుర్తుల పట్టిక ఇమ్మని ఆమె అడిగినప్పుడల్లా అతను రేపని, ఎల్లుండని తిప్పి పంపేవాడు. అది ఇచ్చేస్తే ఇక తనను అడిగేవాళ్లుండరని అతని భయం.

"పంతాలకు పోయే విషయం కాదండీ భూషణంగారూ. మనుషుల ప్రాణాలతో పని," అందామె ఒకరోజు.

"పన్నెండేళ్లుగా ఏమీ కాలేదు. ఇప్పుడేమవుతుంది?" అన్నాడు భూషణం.

ఆ వారంలోనే వరహాలమ్మ అనే బడి వంటమనిషి కాలి పుండుతో ఓపీకి వచ్చింది. ఫలానా సూదిమందు తనకు పడదని, ఒకసారి చావు తప్పి బయటపడ్డానని చెప్పింది. భూషణం శ్రద్ధగా నమోదు చేశాడు. మూడు రోజులకు ఆమెను ఒళ్లెరగని జ్వరంతో వార్డులో చేర్చారు. పొరుగూరి నుంచి కూతురు ఇంకా రాలేదు. నర్సు వార్డు కంప్యూటర్‌లో వెతికింది. పడని మందులేవీ కనిపించలేదు. డాక్టరు అదే సూది రాశాడు. అరగంటలో వరహాలమ్మ పోయింది.

సాయంత్రం ఆమె కూతురు నూకరత్నం ఓపీ గదికి వచ్చింది.

"ఆ మందు సంగతి ఇక్కడ చెప్పానని అమ్మ నాతో ఫోన్లో అందండి. మీరు రాసుకోలేదా?" అని అడిగింది.

భూషణం తెరను ఆమె వైపు తిప్పాడు. అంతా అక్కడే ఉంది.

"రాసుకున్నానమ్మా," అన్నాడు. నూకరత్నం ఆ అక్షరాలు చివరిదాకా చదివి వెళ్లిపోయింది.

మర్నాడు భూషణం తన తప్పంతా పెద్ద డాక్టరుకు రాసిచ్చి, పట్టికను మెహరున్నీసా చేతిలో పెట్టాడు. రెండు రోజుల్లో మూడు వ్యవస్థలూ కలిశాయి. ఆ తర్వాత ఎందరి ప్రాణాలు నిలిచాయో గానీ, నూకరత్నానికి తల్లి తిరిగి రాలేదు.

తెలిసినదాన్ని సమయానికి పంచనివాడు, తెలియనివాడి కంటే ఎక్కువ కీడు చేస్తాడు.