భూమి వడ్డాణం విప్పిన కథ

ఒకప్పుడు భూమికి వడ్డాణం ఉండేది. దానివల్ల ఆమె పిల్లలు చలికి చచ్చిపోబోయారు. తప్పెవరిదని వెతకనక్కర్లేదు, ఆమెదే.

శని నడుం చుట్టూ మెరిసే వలయాలు వేసుకుని తిరగడం భూమి చూసింది. "మగాడికి వడ్డాణమా! ఇంతమంది పిల్లల్ని సాకే నాకు బోసినడుమా!" అనుకుంది.

అంతలో ఆకాశంలో తిరిగే ఒక పెద్ద కొండ దారితప్పి అటుగా వచ్చింది. భూమి దాన్ని దగ్గరికి లాగింది. ఆ లాగుడికి కొండ ముక్కలైంది. ముక్కలన్నీ ఆమె నడుం చుట్టూ తిరుగుతూ తళతళలాడాయి.

"ఎలా ఉందిరా తమ్ముడూ?" అని చంద్రుణ్ని అడిగింది.

"బాగానే ఉందక్కా. కానీ నీ ఒంటిమీద నీడ పడుతోంది."

"మొహం నిండా మచ్చలు పెట్టుకుని నువ్వా నాకు చెప్పేది?"



ఆ నీడ సరిగ్గా చలికాలం ఉన్న వైపే పడేది. అసలే అక్కడ ఎండ తక్కువ. ఆ కాస్తా వడ్డాణం మింగేసింది. నీళ్లు గడ్డకట్టాయి. నేలంతా మంచు పరుచుకుంది. ఆ తెల్లదనం మీద పడ్డ ఎండ పడ్డట్టే వెనక్కి పోయింది. చలే మరింత చలిని పిలుచుకొచ్చింది.

ఒక తాబేలు వణుకుతూ వచ్చింది. "అమ్మా, ఇసుకలో గుడ్లు పెట్టాను. ఇసుక వెచ్చబడకపోతే నా పిల్లలు బతకరు."

"కాస్త ఓర్చుకోవే. అందమంటే ఊరికే వస్తుందా?"

"అందం నీకూ, చలి నాకూనా?"

భూమికి ఒళ్లు మండింది. అయినా ఇసుకని తడిమి చూసింది. మంచుగడ్డలా ఉంది. వడ్డాణం పట్టుకుని ఒక్క లాగు లాగింది.

బిగించిన శీల తియ్యకుండా లాగితే ఏమవుతుంది? కొండంత ముక్కొకటి ఊడి ధబీమని నేలమీద పడింది. దుమ్ము ఆకాశమంతా కమ్మేసింది. వడ్డాణం ఉంటే ఒకవైపే నీడ. తియ్యబోతే ఒళ్లంతా చీకటి.

"ఇప్పుడేం చెయ్యాలిరా?" అంది భూమి.

"మచ్చల మొహంవాణ్ని నన్నడుగుతావేం?" అన్నాడు చంద్రుడు. కాసేపు బెట్టు చేసి, "ఈ మచ్చలు ఎలా వచ్చాయనుకున్నావు? రాళ్లు తగిలే. అడ్డుపడటానికి నాకు గాలి లేదు. నీకుందిగా!" అన్నాడు.

భూమి గాలిని పిలిచింది.

"కొండలు నావల్ల కాదు. నలగ్గొట్టి కొంచెం కొంచెంగా వదులు, రాపిడితో కాల్చేస్తా," అంది గాలి.

భూమి మిగిలిన రాళ్లని ఒకదానికొకటి కొట్టి, రోట్లో దంచినట్టు దంచింది. చిటికెడు చిటికెడు చొప్పున కిందికి వదిలింది. గాలి కాల్చేసింది. వానలు పడి పడి దుమ్మంతా కడిగేశాయి. ఎండ తిరిగొచ్చింది.

తాబేలు గుడ్లలో సగమే పిల్లలయ్యాయి. తాబేలు దండం పెట్టలేదు. భూమి పెట్టమనలేదు.

కొన్నాళ్లకి శని కబురంపాడు: "నా దగ్గర పాత వలయం ఒకటుంది, కావాలా?"

"నువ్వే ఉంచుకో," అంది భూమి.

అప్పటినుంచే భూమి నడుం బోసిగా ఉంటుంది. దారితప్పి వచ్చే చిన్న రాళ్లని గాలి గుమ్మంలోనే కాల్చేస్తుంది. దాన్నే మనం చుక్క రాలిందంటాం. శని ఎంత మెరుస్తూ తిరిగినా సరే, భూమి మళ్లీ వడ్డాణం పెట్టుకోలేదు.