వదులుగా కట్టిన ఎర్ర మొలతాడు

అనగనగా తూర్పు సముద్రం ఒడ్డున ద్వాదశపురమనే రాజ్యం, దానికి శరభవర్మ అనే రాజు. ఊఁ కొట్టండి మరి, లేకపోతే చెప్పను.

ఆ రాజ్యంలో ఒక్కో ఏడు ఒక్కో జంతువుది. ఎలుక ఏడు, ఎద్దు ఏడు, పులి ఏడు, కుందేలు ఏడు, డ్రాగన్ ఏడు... అలా పన్నెండు జంతువులు పన్నెండేళ్ళు పంచుకుంటాయి, మళ్ళీ మొదటికొస్తాయి. ఏ ఏట పుట్టినవాడికి ఆ జంతువు గుణం వస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం.

రాజుగారికి వరసగా ఏడాదికొకడు చొప్పున ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు పులి ఏట పుట్టాడు. నడిపివాడు శశాంకుడు కుందేలు ఏట పుట్టాడు. చిన్నవాడు మేఘకేతుడు డ్రాగన్ ఏట పుట్టాడు. డ్రాగనంటే ఏమనుకున్నారు? మబ్బుల్లో ఈదుతూ వానలు కురిపించే మహాజంతువు. పన్నెండింట్లోనూ దానికే పెద్దపీట.

ఇంకేం, శశాంకుడి చిన్నతనమంతా కుళ్ళుతోనే గడిచింది. పండక్కి వంటశాలలో పిండిబొమ్మలు చేసేవారు. అన్నకు కోరల పులి, తమ్ముడికి పొలుసుల డ్రాగన్, తనకేమో రెండు చెవుల కుందేలు! "మా నడిపిబాబు మెత్తని బిడ్డ" అని దాది బుగ్గ పుణికితే ఒళ్ళు మండిపోయేది. "కుందేలు ఏటివాడికి అడుగు తేలిక, చెవి చురుకు, ఎదుటివాడి మనసు ఇట్టే తెలుస్తుంది" అని జోస్యుడు ఎన్నిసార్లు చెప్పాడో. శశాంకుడు వినిపించుకుంటేనా!

అక్కడ ఇంకో ఆచారం ఉంది. తను పుట్టిన ఏడు మళ్ళీ తిరిగొచ్చినప్పుడు, ఆ ఏడంతా మనిషికి గండమే. అందుకని ఏడాది మొదటిరోజు పొద్దున్నే ఎర్ర మొలతాడు కట్టించుకోవాలి. తనకు తాను కట్టుకోకూడదు. ముందటి ఏట పుట్టిన తోబుట్టువు మనసారా కట్టాలి. కిందటేడు కుందేలు ఏడు. రణధీరుడు శశాంకుడికి బిగించి కట్టాడు. ఈ ఏడు డ్రాగన్ ఏడు. మేఘకేతుడికి శశాంకుడు కట్టాలి.

సరిగ్గా ముందురోజే రాజుగారు చాటింపు వేయించారు. "డ్రాగన్ ఏట డ్రాగన్ బిడ్డకే పట్టాభిషేకం!" అని. శశాంకుడికి ఆ పూట ముద్ద దిగలేదు.

తెల్లారింది. తమ్ముడు నవ్వుతూ వచ్చి రెండు చేతులూ పైకెత్తి నుంచున్నాడు. "కట్టన్నయ్యా!"

శశాంకుడు కట్టాడు. కట్టాడు గానీ ముడి బిగించలేదు. 'జారిపోతే పోనీ. పట్టాభిషేకంలో అందరూ నవ్వుతారు, అంతేగా' అనుకున్నాడు. కుళ్ళు పెట్టే లెక్క ఎప్పుడూ అంతవరకే ఉంటుంది.

పట్టాభిషేకానికి మేళాలు మోగుతుండగా తాడు జారి కిందపడింది. మరుక్షణం ఆకాశంలోంచి బూడిదరంగు చెయ్యొకటి దిగి మేఘకేతుణ్ణి ఎగరేసుకుపోయింది. రణధీరుడు కత్తి దూశాడు. దేన్ని నరుకుతాడు, గాలినా?

"వాడు ఏళ్ళమింగుడనే మాంత్రికుడు ప్రభూ" అని జోస్యుడు వణికిపోయాడు. "ఏడు సముద్రాల అవతల ఉంటాడు. సొంత ఏట తాడు లేనివాళ్ళని మట్టిబొమ్మలు చేసి, వాళ్ళ ఆయుష్షు కొంచెం కొంచెంగా మింగుతాడు. ఈ ఏడు దాటితే చినబాబు దక్కడు."

"నేను తెస్తాను" అన్నాడు శశాంకుడు. ఎందుకు తనే వెళ్తానంటున్నాడో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం.

సముద్రం ఒడ్డున ఒక ముసలి ఎద్దు నెమరేస్తూ కూర్చుంది. ఏడు సముద్రాలూ ఈదగలిగింది అదొక్కటే. "ఏ ఏటివాడివి బాబూ?" అంది.

కుందేలు అని చెప్పడానికి శశాంకుడికి నోరు రాలేదు. "పులి ఏటివాణ్ణి."

"అయితే ఆ బండ ఎత్తు." బండ కదల్లేదు. "రేపు రా" అంది ఎద్దు.

రెండోరోజు వెళ్ళాడు. "ఏ ఏటివాడివి బాబూ?"

"డ్రాగన్ ఏటివాణ్ణి."

"అయితే నాతో పనేముంది? ఎగిరిపో." ఎగరలేక ఇసకలో బోర్లా పడ్డాడు. "రేపు రా" అంది ఎద్దు.

మూడోరోజు వెళ్ళాడు. "ఏ ఏటివాడివి బాబూ?"

"కుందేలు ఏటివాణ్ణి" అన్నాడు తలొంచుకుని.

"ఆ ముక్క మొదటే చెప్తే రెండ్రోజులు కలిసొచ్చేవి కదయ్యా! తేలిగ్గా ఉంటావు, ఎక్కు" అని ఎద్దు వీపు వంచింది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

మాంత్రికుడి కోట చుట్టూ నేలంతా గుడ్డుపెంకులు పరిచి ఉన్నాయి. పులి ఏటివాడు అడుగేస్తే పటపటమనేవి. శశాంకుడి అడుగుకి ఒక్కటీ చిట్లలేదు. లోపల వరసగా మట్టిబొమ్మలు. అందులో ఒకటి రెండు చేతులూ పైకెత్తి, తాడు కట్టించుకోబోతున్నట్టు నుంచుంది. శశాంకుడు దాని కాళ్ళమీద పడి భోరుమన్నాడు.

"మీ వాడా?" అని ఒక అమ్మాయి పాలగిన్నెతో వచ్చి, గద్దెమీదున్న నల్లపిల్లి ముందు పెట్టింది. పేరు కుంకుమవల్లి, పగడాలదీవి రాకుమారి. "నాదీ డ్రాగన్ ఏడే. నా తాడు మా అక్క కట్టింది, వదులుగా. ఈ పిల్లికి పాలు పొయ్యడానికని మాంత్రికుడు నన్ను బొమ్మ చెయ్యలేదు. వాడి ప్రాణం దీని మెళ్ళో గంటలో ఉంది. కానీ పిల్లి తనంతట తను మెడ వంచితే తప్ప ఆ గంట ఊడదు." గొంతు తగ్గించి అడిగింది. "ఒక్క మాట చెప్పండి. సొంత చెల్లెలికి అలా ఎందుకు కట్టింది?"

"కుళ్ళుకొద్దీ" అన్నాడు శశాంకుడు. "నాకు తెలుసు. మా తమ్ముడికి నేనూ అలాగే కట్టాను."

అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్లి మాత్రం చెవులు రిక్కించింది.

"నీకూ కుళ్ళేనా?" అంది పిల్లి. "దేవుడు జంతువులకి ఏళ్ళు పంచిననాడు ఎలుక నన్ను నిద్ర లేపలేదు. పన్నెండూ అయిపోయాయి. నాకు ఏడు లేదు! మింగిన ఏళ్ళన్నీ నీకే ఇస్తానన్నాడు వీడు. ఒక్కటీ ఇవ్వలేదు."

శశాంకుడు దాని పక్కన కూర్చున్నాడు. "నా ఏట్లో నీకు సగం ఇస్తాను. నీదీ మెత్తటి అడుగే, చురుకైన చెవే. కుందేలు కాదనదు."

"తీరా అయ్యాక ఎగ్గొడితే?"

శశాంకుడు కిందటేడు అన్న కట్టిన ఎర్రతాడు తన నడుము నుంచి విప్పాడు. "ఇది నీకు కడతాను. ఈసారి మనసారా."

అంతలో ఎక్కడో దూరంగా రెక్కల చప్పుడు. కుంకుమవల్లికి వినపడలేదు గానీ శశాంకుడికీ పిల్లికీ వినపడింది. మాంత్రికుడు వచ్చేస్తున్నాడు. పిల్లి ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసి మెడ వంచింది. గంట ఊడింది, శశాంకుడు దాన్ని నేలకేసి కొట్టాడు. గుమ్మంలోకి వచ్చిన మాంత్రికుడు వచ్చినట్టే బూడిదై రాలిపోయాడు. శశాంకుడు పిల్లి మెడకు తాడు చుట్టి గట్టిగా ముడేశాడు.

బొమ్మలన్నీ మనుషులయ్యాయి. మేఘకేతుడు పైకెత్తిన చేతులతోనే అన్నను కావిలించుకున్నాడు.

"తమ్ముడూ, ఆ ముడి నేను..."

"తెలుసన్నయ్యా. కట్టినప్పుడే తెలిసింది వదులని."

"మరి ఇంకెవరితోనైనా బిగించి కట్టించుకోలేకపోయావా?"

"నువ్వు కట్టావు కదా. నీ చేత్తో కట్టింది ఇంకొకరి చేత ఎలా విప్పిస్తాను?"

శశాంకుడికి ఏడుపు ఆగలేదు. ఇంతమంచి తమ్ముడి మీదా తను కుళ్ళుకుంది! అక్కడికక్కడే తన ఎర్ర తలపాగా చింపి, పేని, తమ్ముడి నడుముకు కట్టాడు.

కుంకుమవల్లి అదంతా చూసింది. "మా అక్క నాకోసం రాలేదు. మీరు వచ్చారు" అని అతని వెనకే నడిచి ఎద్దు ఎక్కింది.

ద్వాదశపురంలో వాళ్ళిద్దరి పెళ్ళి పదహారు రోజులు జరిగింది. ముసలి ఎద్దుకు పెళ్ళిలో అరిసెలు పెట్టారు. మేఘకేతుడు రాజై, అన్నలిద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, అరవై ఏళ్ళు ఏలాడు. కుందేలు ఏడొస్తే కొన్ని దేశాలవాళ్ళు ఇప్పటికీ దాన్ని పిల్లి ఏడనే అంటారు. ఎందుకో మీకిప్పుడు తెలుసుగా.

శశాంకుడి కుళ్ళు పోయిందా అంటారా? అంత తేలిగ్గా ఎక్కడ పోతుంది! తమ్ముడి కిరీటం చూసి అప్పుడప్పుడు కొంచెం కలుక్కుమనేది. కానీ డ్రాగన్ ఏడు వచ్చిన ప్రతిసారీ, తలలు నెరిసిపోయాక కూడా, మొదటిరోజు పొద్దున్నే అతనే ఎర్రతాడు పట్టుకుని వెళ్ళేవాడు.

"అబ్బ, మరీ బిగుతుగా ఉందన్నయ్యా!" అనేవారు రాజుగారు.

"ఉండనీ" అనేవాడు శశాంకుడు, ఇంకో ముడి వేస్తూ.